ఎంజీబీ ప్రాజెక్టు డైరీ: రెండు కార్బురేటర్లు ఒక్క మాట మీదికి వచ్చేదాకా

బండి ఎలా ఉంది

1967 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు తెరిచే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ బీ-సిరీస్ ఇంజన్, దానికి గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్లు రెండు, ఎస్‌యు కంపెనీ హెచ్‌ఎస్4 రకం, ఒక్కోటి ఒకటిన్నర అంగుళం. బాడీ పనీ, బ్రేకులూ అయిపోయాయి. మిగిలింది ఇంజన్ నడక.

చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. పేచీ అంతా వేడెక్కాకే. ఐడ్లింగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం, ఒకసారి 1,200 ఆర్పీఎంకి (నిమిషానికి చుట్లు) ఎగబాకుతుంది, ఇంకోసారి ఆగిపోయేంత కిందికి జారుతుంది. యాక్సిలరేటర్ గబుక్కున తొక్కితే ఒక క్షణం తడబడి, ఆ తర్వాత పికప్ అందుకుంటుంది. కాలు తీస్తే సైలెన్సర్‌లో టపటపా పేలుతుంది. వెనక రెండు ప్లగ్గులు మసి పట్టి ఉన్నాయి.

ఈ లక్షణాలు చూడగానే ఎవరి చెయ్యైనా మిక్స్చర్ నట్టు, అంటే గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు మార్చే నట్టు, మీదికే పోతుంది. ఎస్‌యులో ఆ నట్టు జెట్ (పెట్రోల్ వచ్చే సన్న గొట్టం) అడుగున బయటికే ఉంటుంది, తిప్పడం తేలిక, తిప్పగానే ఇంజన్ శబ్దం మారుతుంది కూడా. అందుకే దాన్ని ఊరికే తిప్పేస్తుంటారు. నేను మాత్రం దాన్ని అన్నిటికంటే చివర ముట్టుకోవాలని పెట్టుకున్నాను. ట్యాపెట్లు, ఇగ్నిషన్, గాలి లీకులు, పెట్రోల్ లెవెల్ సరిగ్గా లేకపోతే మిక్స్చర్ తిప్పి సాధించేది ఏమీ ఉండదు. ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పిపెట్టడమే అవుతుంది.

ముందు ఇంజన్

ప్లగ్గులన్నీ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూశాను. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగానే వచ్చాయి. ఇక్కడే తేడా ఉంటే ముందుకు పోవడం దండగ. కాలిపోయిన వాల్వును ఏ కార్బురేటరూ బాగుచెయ్యదు.

ఈ ఇంజన్‌కి ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య సందు, 0.015 అంగుళం. నాలుగు సిలిండర్ల వాళ్ళకి అక్కరకొచ్చే తొమ్మిది లెక్క ఒకటుంది. ముందు నుంచి వెనక్కి వాల్వులకి 1 నుంచి 8 దాకా నంబర్లు అనుకోవాలి. ఏ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని ఉందో ఆ నంబరును తొమ్మిదిలోంచి తీసేస్తే, గ్యాప్ పెట్టాల్సిన వాల్వు తేలుతుంది. 1 తెరుచుకుని ఉంటే 8, 3 తెరుచుకుని ఉంటే 6. నా ఇంజన్‌లో రెండు వాల్వులు బిగుతుగా ఉన్నాయి. చప్పుడు చేసే ట్యాపెట్‌కి అందరూ కంగారు పడతారు కానీ, నిజంగా భయపడాల్సింది చప్పుడు చెయ్యని బిగుతు ట్యాపెట్‌కే. వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోదు, వేడి దిగదు, చివరికి అంచు కాలిపోతుంది.

స్పార్క్ కోసం కరెంటును తెంచే పాయింట్ల గ్యాప్ 0.015, ప్లగ్గుల గ్యాప్ 0.025 అంగుళం. వాక్యూమ్ పైపు తీసేసి స్ట్రోబ్ లైటుతో టైమింగ్ (స్పార్క్ పడే సమయం) చూసి, 600 ఆర్పీఎం దగ్గర 14 డిగ్రీలకి పెట్టాను. ఆ తర్వాత అందరూ వదిలేసే పరీక్ష ఒకటి చేశాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కార్బురేటర్ నుంచి వచ్చే సన్న పైపు కొసను నోట్లో పెట్టుకుని పీల్చాను. పీలిస్తే లోపల పాయింట్ల ప్లేటు కదలాలి. కొసను నాలుకతో మూసి పట్టుకుంటే అది అలాగే నిలబడాలి. నా బండిలో ప్లేటు కదిలింది కానీ నిలబడలేదు, మెల్లగా వెనక్కి వచ్చేసింది. అంటే ఆ ప్లేటును లాగే వాక్యూమ్ యూనిట్‌లోని పొర, డయాఫ్రమ్, చిరిగిందన్నమాట. అక్కడ టైమింగ్ అడ్వాన్స్ (స్పార్క్‌ను ముందుకు జరపడం) సరిగ్గా పడట్లేదు, పైగా ఆ చిరుగులోంచి గాలి కూడా లోపలికి పోతోంది.

కొత్త వాక్యూమ్ యూనిట్ వేసి ఒక చుట్టు తిప్పి వచ్చాను. సగం యాక్సిలరేటర్‌లో వచ్చే ఈడ్పు చాలా మటుకు పోయింది. కార్బురేటర్ల మీద ఇంకా చెయ్యే వెయ్యలేదు! కార్బురేటర్ రోగం అనుకునేవాటిలో ఎన్ని ఇగ్నిషన్ రోగాలుంటాయో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

గాలి ఎక్కడినుంచి వస్తోంది

ఐడ్లింగ్ ఊగిసలాట మాత్రం పోలేదు. లీకు వెతకడానికి చాలామంది కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొడతారు. ఎంజీబీలో అది నాకు నచ్చదు. ఈ ఇంజన్‌లో ఇన్లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్ల కింద నిప్పులా కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది. దాని మీద మండే స్ప్రే కొట్టడం ఎందుకు? నూనె డబ్బాతో థ్రాటిల్ స్పిండిల్ (గాలి దారిని తెరిచి మూసే డిస్కును తిప్పే కడ్డీ) కొసల దగ్గర చిక్కటి ఇంజన్ ఆయిల్ రెండు మూడు చుక్కలు వేస్తే చాలు. అక్కడ సందు ఉంటే నూనె కాసేపు దాన్ని మూసేస్తుంది, ఐడ్లింగ్ వెంటనే మారుతుంది.

ముందు కార్బురేటర్‌కి వేస్తే పెద్ద తేడా లేదు. వెనకదానికి వెయ్యగానే ఇంజన్ వేగం దిగి, ఒక్క నిమిషం పాటు నిలకడగా కొట్టింది. నూనె లోపలికి పీల్చేసుకున్నాక మళ్ళీ పాత కథే. ఇంజన్ ఆపి స్పిండిల్‌ను వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే కదలిక చేతికే తెలిసింది.

వెనక రెండు సిలిండర్లకి మిక్స్చర్ ఇచ్చేది ఈ కార్బురేటరే, కాబట్టి వెనక ప్లగ్గుల మసికి కూడా కారణం ఇక్కడే దొరికింది. స్పిండిల్ దగ్గర గాలి దూరుతుంటే ఐడ్లింగ్‌లో మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే పెట్రోల్ పాలు తగ్గుతుంది. దాన్ని సరిచెయ్యాలని ఎవరో ఎప్పుడో పెట్రోల్ పెరిగేలా వెనక జెట్‌ను బాగా కిందికి దింపారు. ఐడ్లింగ్‌లో లెక్క సరిపోయింది. థ్రాటిల్ తెరుచుకుని గాలి ఎక్కువయ్యే కొద్దీ లీకు వాటా తగ్గిపోతుంది, దింపిన జెట్ మాత్రం దింపినట్టే ఉంటుంది. దాంతో రోడ్డు మీద రెండు సిలిండర్లు రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువై, నడిచాయి. ఎన్ని గంటలు నట్టు తిప్పినా ఇది సర్దుకునేది కాదు.

స్పిండిళ్ళు, బుష్‌లు

రెండు బాడీలూ విప్పి, స్పిండిల్ రంధ్రాలను రీమ్ చేయించి (సాఫుగా పెద్దవి చేయించి) బుష్‌లు, అంటే లోపలి తొడుగులు, వేయించాను. ఈ పని మెషీన్ మీద, రెండు వైపుల రంధ్రాలూ ఒకే గీతలో ఉండేలా చెయ్యాలి. చేతి డ్రిల్లుతో చేసే పని కాదు. ముందుది అంతగా అరగకపోయినా దానికీ చేయించాను. జంటలో ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్యాలెన్స్ ఎక్కువ కాలం నిలవదు.

కొత్త స్పిండిల్ 5/16 అంగుళాలు. దాని చీలికలో ఇత్తడి థ్రాటిల్ డిస్కు కూర్చుంటుంది. ఇక్కడ తొందర పనికిరాదు. డిస్కు అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి కాబట్టి ఒక్క వైపే సరిగ్గా మూసుకుంటుంది. స్క్రూలు వదులుగా ఉంచి, థ్రాటిల్‌ను రెండు మూడుసార్లు టక్కున మూస్తే డిస్కు తన చోటు తానే చూసుకుంటుంది. దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాను. అంచు చుట్టూ వెలుగు సన్నటి గీతలా సమానంగా కనబడ్డాకే స్క్రూలు బిగించాను. ఆ స్క్రూల కొసలు రెండుగా చీలి ఉంటాయి. బిగించాక ఆ చీలికను కాస్త విడదీయాలి, లేకపోతే ఎప్పుడో ఒకనాడు స్క్రూ ఊడి తిన్నగా సిలిండర్‌లోకి పోతుంది. కొత్త స్క్రూలు లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

పిస్టన్, సూది, జెట్

ఎస్‌యు పనితీరు నాకు ఎప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ఐడ్లింగ్‌కి ఒక జెట్, వేగానికి ఒక జెట్, పికప్‌కి ఒక పంపు అంటూ ఏమీ లేవు. ఉన్నది ఒకే జెట్, అందులో దిగే సన్నటి మొనదేలిన సూది. ఇంజన్ గాలి పీల్చేకొద్దీ, సూది బిగించి ఉన్న కార్బురేటర్ పిస్టన్ పైకి లేస్తుంది, దారి పెద్దదవుతుంది, సూది సన్నటి భాగం జెట్‌లోకి వస్తుంది, పెట్రోల్ పెరుగుతుంది. జెట్ మీద గాలి వేగం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ దీన్ని తయారు చేసిన తొలి రోజుల్లో పిస్టన్ బదులు తోలు తిత్తి వాడారు. ఆయన కుటుంబానిది చెప్పుల వ్యాపారం, తోలుకి కొదవ లేదు.

ఇంత సరళమైన యంత్రం కాబట్టే పిస్టన్ అడ్డులేకుండా కదలడం ముఖ్యం. పిస్టన్‌నూ, పై డోమ్‌నూ పెట్రోల్‌తో తుడిచాను. ఎమరీ కాగితం దగ్గరికి కూడా రానివ్వలేదు, ఎందుకంటే ఆ రెండిటి మధ్య సందే సీలు. ఏ పిస్టన్ డోమ్ దానిదే, మార్చకూడదు, అందుకే విప్పేటప్పుడే గుర్తులు పెట్టుకున్నాను. తర్వాత జారుడు పరీక్ష. పిస్టన్‌లోని గాలి రంధ్రాలు మూసి, డాంపర్ (పిస్టన్ కదలికను నూనెతో నెమ్మదింపజేసే కడ్డీ) పెట్టి, తలకిందులుగా పట్టుకుని డోమ్‌ను వదలాలి. ఈ సైజుకి 5 నుంచి 7 సెకన్లలో జారాలి. రెండూ ఆ మధ్యలోనే వచ్చాయి, పైగా ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. స్ప్రింగులు రెండూ ఎర్ర రంగువే. సూదులు రెండూ 5 నంబరువి. సూది భుజం పిస్టన్ అడుగు మట్టానికి సరిగ్గా సమానంగా ఉండేలా స్కేలు అంచు పెట్టి చూసి బిగించాను.

ఇక జెట్‌ను మధ్యకి తేవడం. నాకు ఈ మొత్తం పనిలో బాగా ఇష్టమైన భాగం ఇదే. తర్వాతి మోడళ్ళలో స్ప్రింగు సూదులు వచ్చాయి, వాటికి ఈ పని ఉండదు. నావి కదలని సూదులు. జెట్ సరిగ్గా మధ్యలో లేకపోతే సూది రాసుకుంటుంది, జెట్ కోడిగుడ్డులా అరిగిపోతుంది. మిక్స్చర్ నట్టును స్ప్రింగు లేకుండా పైదాకా బిగించి, జెట్ బేరింగ్‌ను పట్టి ఉంచే పెద్ద నట్టును కాస్త వదులు చెయ్యాలి. డాంపర్ రంధ్రంలోంచి పెన్సిల్‌తో పిస్టన్‌ను కిందికి నొక్కి పట్టుకుంటే, సూదే జెట్‌ను తన చుట్టూ సర్దుకుంటుంది. అలా నొక్కి ఉంచే పెద్ద నట్టు బిగించాలి.

సరిగ్గా కుదిరిందో లేదో చెవే చెబుతుంది. పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే కింద వంతెన (జెట్ రంధ్రం ఉన్న గట్టు) మీద పడి టక్ మనాలి. జెట్‌ను కిందికి దింపి మళ్ళీ వదలాలి. రెండుసార్లూ ఒకే టక్ వస్తే సరి. జెట్ దింపినప్పుడు టక్ ఇంకా గట్టిగా వినబడితే, పైన ఉన్నప్పుడు ఎక్కడో రాసుకుంటోందని అర్థం. ముందుది తేలిగ్గానే కుదిరింది. వెనకది నట్టు బిగించిన ప్రతిసారీ వెంట్రుకవాసి పక్కకి జరిగేది. జెట్ బేరింగ్‌ను తిప్పి పెట్టి, నట్టును కొద్ది కొద్దిగా, మధ్యలో పిస్టన్ ఎత్తి వదులుతూ బిగిస్తే అప్పుడు వినబడింది నేను కోరుకున్న టక్.

పెట్రోల్ లెవెల్

ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్ పక్కన పెట్రోల్ నిలవ ఉండే గిన్నె) మూత తలకిందులు చేస్తే, ఫ్లోట్ లివర్‌కీ మూత అంచుకీ మధ్య 1/8 నుంచి 3/16 అంగుళం సందు ఉండాలి, అంటే 3 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య. నాలుగు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు కాడతో రెండూ ఒకేలా పెట్టాను. నా దృష్టిలో అంకె కంటే రెండూ సమానంగా ఉండటం ముఖ్యం. లెవెల్ తేడా ఉంటే రెండు నట్లూ ఒకే లెక్కన తిప్పినా మిక్స్చర్ వేర్వేరుగా వస్తుంది, ఎక్కడ తేడా ఉందో తెలియక తల పట్టుకోవాలి.

రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేశాను. ఇగ్నిషన్ ఆన్ చేస్తే వెనకనున్న ఎలక్ట్రిక్ పంపు కాసేపు టిక్ టిక్ మని ఆగిపోవాలి. ఆగింది. ఇంజన్ ఆపి ఉన్నా ఆ టిక్ ఆగకపోతే ఫ్లోట్ చాంబర్లలోకి పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వు ఏదో ఒకటి పట్టట్లేదనో, పైపు కారుతోందనో అనుకోవాలి.

రెండిటి బ్యాలెన్స్

జెట్లు వంతెన మట్టానికి తెచ్చి, అక్కడినుంచి రెండు చుట్లు కిందికి దించాను. మిక్స్చర్ నట్టుకి ఆరు పలకలు, కాబట్టి పన్నెండు పలకలు. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. డాంపర్లలో ఎస్ఏఈ 20 ఆయిల్. రెండు కార్బురేటర్లనీ కలిపే కడ్డీల క్లాంపులు వదులు చేశాను, థ్రాటిల్‌వీ, చోక్‌వీ. ఐడ్లింగ్ స్క్రూలు థ్రాటిల్‌ను తాకీ తాకనట్టు తెచ్చి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్టు బిగించాను. ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపాను.

ఒక రబ్బరు గొట్టం ముక్క తీసుకుని, ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ నోటి దగ్గర, రెండిట్లోనూ ఒకే చోట పెట్టి విన్నాను. ముందుది సన్నగా బుస్ మంటోంది, వెనకది బొంగురుగా. వెనక స్క్రూ కొద్దిగా వెనక్కి, ముందుది కొద్దిగా ముందుకి. తమ్ముడికి గొట్టం ఇచ్చి వినమన్నాను. "అన్నా, ముందుది ఇంకా కొంచెం తక్కువగా ఉంది" అన్నాడు. వాడు చెప్పిందే నిజం. గాలి కొలిచే మీటరు పెట్టి చూస్తే ముల్లు అదే చూపించింది. మీటరు నా దగ్గర ఉన్నా ముందు చెవితోనే మొదలుపెడతాను. మీటరు నోటికి అడ్డం పెట్టగానే అదే కొంత గాలిని ఆపుతుంది, ఎక్కువసేపు ఉంచితే ఇంజన్ నడకే మారిపోతుంది. గొట్టం దేన్నీ కదిలించదు.

ఇప్పుడు మిక్స్చర్

పిస్టన్ పక్కన చిన్న లిఫ్టింగ్ పిన్ను ఉంటుంది. దానితో పిస్టన్‌ను 1/32 అంగుళం, అంటే ముప్పావు మిల్లీమీటరుకి కొంచెం ఎక్కువ, ఎత్తాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్. వెంటనే పడిపోతే లీన్. ఒక్క క్షణం కాస్త పెరిగి మళ్ళీ మామూలుకి వస్తే సరిగ్గా ఉన్నట్టు. పిన్నుకి మొదట ఊరికే కదిలే కొంత దూరం ఉంటుంది, అది అయిపోయి పిస్టన్ తగిలాక లెక్కపెట్టాలి. ఎక్కువ ఎత్తితే ఏ ఇంజనైనా పడిపోతుంది.

పన్నెండు పలకల దగ్గర రెండూ లీన్ చూపించాయి. ఇది ఊహించినదే. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది, అందువల్ల అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ కావాలి. శుద్ధ పెట్రోల్‌కి గాలి, ఇంధనాల బరువు నిష్పత్తి 14.7కి 1 అయితే, పది శాతం ఇథనాల్ ఉంటే 14.1 దగ్గరికి దిగుతుంది. రెండిటినీ ఒక్కో పలక చొప్పున దించుకుంటూ పోయాను. మిక్స్చర్ సరయ్యేకొద్దీ ఐడ్లింగ్ పెరుగుతుంది, పెరిగినప్పుడల్లా రెండు ఐడ్లింగ్ స్క్రూలనీ సమానంగా తగ్గించి, గొట్టంతో మళ్ళీ వినాలి. మధ్య మధ్యలో 2,500 దాకా రేస్ చేసి కాసేపు ఉంచితే ప్లగ్గులు శుభ్రపడతాయి. లేకపోతే మసి పట్టిన ప్లగ్గును చూసి మిక్స్చర్‌ను తప్పుపట్టే ప్రమాదం ఉంది.

ముందుది పదమూడు పలకలు, వెనకది పద్నాలుగు. ఇంతకుముందు వెనక జెట్ ఎంత కిందికి ఉండేదో తలచుకుంటే, ఆ స్పిండిల్ ఎంత గాలి మింగేదో అర్థమవుతోంది. ఐడ్లింగ్ 800 దగ్గర నిలబడింది. మళ్ళీ మళ్ళీ రేస్ చేసి వదిలాను, ప్రతిసారీ అక్కడికే వచ్చి ఆగింది. ఎంత సంతోషం వేసిందో!

కడ్డీలు, చోక్, ఫిల్టర్లు

ఐడ్లింగ్ బ్యాలెన్స్‌తో పని అయిపోదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు రెండు థ్రాటిళ్ళూ ఒకేసారి కదలాలి. కడ్డీ పిన్నుల దగ్గర సందు రెండు వైపులా సమానంగా పెట్టి క్లాంపులు బిగించి, 1,500 దగ్గర మళ్ళీ గొట్టంతో విన్నాను. ఇక్కడ తేడా ఉంటే ఐడ్లింగ్ ఎంత బాగున్నా బండి బయల్దేరేటప్పుడు కుదుపు ఇస్తుంది. చోక్ లాగితే రెండు జెట్లూ కలిసి దిగుతున్నాయి, వదిలితే రెండూ పూర్తిగా పైకి వస్తున్నాయి. ఒక్కటి కింద ఇరుక్కున్నా రిచ్ అయిపోతుంది.

ఫిల్టర్ గాస్కెట్ విషయంలో జాగ్రత్త అవసరం. కార్బురేటర్ అంచు మీద చిన్న గాలి రంధ్రాలు ఉంటాయి, పిస్టన్ అడుగు భాగానికి గాలి అందేది వాటిలోంచే. గాస్కెట్ తిరగేసి పెడితే అవి మూసుకుపోతాయి, పిస్టన్ లేవదు, ఇంత ట్యూనింగూ వృథా. బిగించే ముందు రంధ్రాలు కనబడుతున్నాయో లేదో చూసుకోవాలి.

రోడ్డు మీద

కాలు తీస్తే పేలుళ్ళు లేవు. మూడో గేరులో కింది వేగం నుంచి కూడా గుంజకుండా లాగుతోంది. గబుక్కున తొక్కితే చిన్న తడబాటు ఇంకా మిగిలింది, దాని కారణం డాంపర్‌లో దొరికింది. హఠాత్తుగా తొక్కినప్పుడు డాంపర్‌లోని నూనె పిస్టన్ లేవడాన్ని క్షణం పాటు ఆపుతుంది, ఆ క్షణంలో గాలి వేగం పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఎస్‌యులో పికప్ పంపు పని చేసేది అదే. ముందు డాంపర్‌లో నూనె తగ్గింది, మూత తిప్పుతుంటే చేతికి అడ్డు తగల్లేదు. నింపాను. తడబాటు పోయింది.

చివరగా ప్లగ్గులు. నాలుగో గేరులో ఎత్తు ఎక్కిస్తూ పూర్తి థ్రాటిల్ మీద కాసేపు నడిపి, ఒక్కసారిగా క్లచ్ నొక్కి ఇగ్నిషన్ కట్టేసి, పక్కకి ఆపి విప్పాను. తాళం చెవి మాత్రం బయటికి తియ్యలేదు. ఎదురూ వెనకా ఎవరూ లేని చోటే ఈ పని చెయ్యాలి. నాలుగూ బిస్కెట్ రంగులో ఉన్నాయి, 1, 4 ఒక ఛాయ, 2, 3 ఇంకో ఛాయ. ఇది కార్బురేటర్ల తేడా కాదు. ఈ హెడ్‌లో 1, 2 సిలిండర్లకి ఒకే ఇన్లెట్ పోర్టు, 3, 4కి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి ప్రతి జంటలో లోపలి సిలిండర్ ముందు పీలుస్తుంది, వెంటనే బయటిది పీలుస్తుంది. అందుకే 1ని 4తో, 2ని 3తో పోల్చాలి. ఆ జంటలు రెండూ అచ్చంగా ఒకే రంగులో ఉన్నాయి. రెండు కార్బురేటర్లూ ఒకే మాట మీద ఉన్నాయనడానికి నాకు ఈ ప్లగ్గులకి మించిన రుజువు అక్కర్లేదు.

సెట్టింగులన్నీ బోనెట్ లోపల అంటించిన చీటీ మీద రాశాను: జెట్లు 13, 14 పలకలు, ఐడ్లింగ్ 800, ఫ్లోట్ 4 మిల్లీమీటర్లు, డాంపర్ ఎస్ఏఈ 20. కొత్త బుష్‌లు సర్దుకున్నాక ఒకసారి గొట్టం పెట్టి మళ్ళీ వినాలి. ఎండలో ఎక్కువసేపు నడిపి ఆపితే మళ్ళీ స్టార్ట్ చెయ్యడానికి కాస్త సతాయిస్తోంది, ఫ్లోట్ చాంబర్లు వేడెక్కుతున్నాయి. కార్బురేటర్లకీ ఎగ్జాస్ట్‌కీ మధ్య ఉండే హీట్ షీల్డ్ మీద పాత ఇన్సులేషన్ ఊడిపోయింది. వచ్చే వారం షీల్డ్ విప్పి దాని పని పట్టాలి.